గాలిమర దగ్గర ప్రారంభోత్సవం

పాయింట్ కుక్‌లో ఇల్లు ఇంకా గంటన్నర దూరం ఉందనగా డాక్టర్ ద్వారకానాథ్ కారును హఠాత్తుగా పాత గాలిమర వైపు తిప్పాడు.

"ఇప్పుడు గాలిమర చూడ్డం ఏంటండీ?" అంది భార్య శేషుకుమారి.

"దాన్నెవరు చూస్తారు? మరకి రిపేర్లు చేసి, పక్కనే విజిటర్ సెంటర్ కట్టారని బోర్డుంది. టాయ్‌లెట్ ఉంటుంది."

"రెండో కాఫీ వద్దంటే విన్నారు కాదు."

టాయ్‌లెట్ ఉంది. కానీ సెంటర్ గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. దాన్ని కత్తిరించాల్సిన పెద్దమనిషి ఇంకా రాలేదట. ముప్ఫై మంది ఎండలో నిలబడి ఎదురుచూస్తున్నారు.

వాలంటీరు బ్యాడ్జి పెట్టుకున్న ఒక ముసలావిడ గబగబా వచ్చి ద్వారకానాథ్ చెయ్యి పట్టుకుంది. "మా మర చూడ్డానికి ఇంత దూరం వచ్చారు. ఇంకెవరో ఎందుకు, మీరే కత్తిరించండి" అని ఇంగ్లీషులో అంటూ కత్తెర చేతిలో పెట్టింది.

ఎవరో ఫోటో తీస్తూ రెండు మాటలు చెప్పమన్నారు.

"ఈ తలుపులు ఎప్పుడు తెరుస్తారా అని ఎంతగా ఎదురుచూశానో చెప్పలేను" అన్నాడు ద్వారకానాథ్, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని. అతని కళ్లలో నీళ్లు చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

రిబ్బను తెగింది. అతను అడుగు వేసేలోపే ముసలావిడ అతన్ని పక్కకు నెట్టి, లోపలికి పరుగెత్తి, ఉన్న ఒక్క టాయ్‌లెట్‌లోకి దూరి గడియ పెట్టేసుకుంది.

"సారీ నాయనా" అంది తలుపు వెనక నుంచి. "నేను పొద్దున ఏడింటి నుంచీ నిలబడి ఉన్నాను."