వెనకబడిన మనిషి

"ఏవయ్యా సాయిబూ, మళ్ళీ ఆగావా?"

జక్రయ్య మాస్టారి గొంతు దర్శి రోడ్డు మీద ఖంగుమంది.

"కాళ్ళు లాగుతున్నాయండీ. ఒక్క నిమిషం," అంటూ బుడే సాహెబు మైలురాయి మీద కూలబడ్డాడు.

ఒకరు ఆగితే అందరూ ఆగాలి. తోటివాణ్ణి దారిలో వదిలి పోకూడదని జక్రయ్యే పెట్టిన నియమం.

"నీతో నడిస్తే కల్వర్టు దగ్గరికి వెళ్ళేసరికి బళ్ళో అన్నం బెల్లు కొడతారు," అన్నాడు సంజీవరావు.

బుడే నవ్వాడు. పక్కన నిలబడ్డ ప్రేమదాసు మాత్రం నవ్వలేదు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

రెండేళ్ళ కిందట జక్రయ్య భార్య జయకుమారి షుగరు జబ్బుతో పోయింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆవిడ బద్ధకించింది. ఆయన గట్టిగా చెప్పలేదు.

తనవాళ్ళలో ఇంకొకరు అలా పోకూడదనుకున్నాడు. రిటైరైన టీచర్లను కూడగట్టాడు. తెల్లవారుతూనే చర్చి దగ్గర విజిలు ఊదేవాడు. కల్వర్టు దాకా రెండు మైళ్ళు. చెమట పట్టాల్సిందే.

వాళ్ళలో ఇమ్మానియేలుకు గుండె జబ్బని తెలియగానే అతన్ని ఇంట్లో కూర్చోమన్నాడు. "నీకేమన్నా అయితే నేను తట్టుకోలేనురా," అన్నాడు.

ఈ బుడే సాహెబు ఎవరో ఆయనకు తెలియదు. నెల కిందట ఇక్కడే పొదిలిలో ఉన్న కూతురింటికి వచ్చాడట. నేనూ రానా అని అడిగాడు. ప్రేమదాసు "రానివ్వండి మాస్టారూ" అన్నాడు. సరేనన్నాడు జక్రయ్య.

వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. నాలుగు ఫర్లాంగులకోసారి ఆగడం.

ఆ రోజు మూడోసారి కూర్చునేసరికి జక్రయ్యకు ఓపిక పోయింది.

"నువ్వు నడవలేవు, మమ్మల్ని నడవనివ్వవు. రేపట్నుంచి రావద్దు."

"అయ్యా, నన్ను వెనకాలే రానివ్వండి. మీరు కాస్త నెమ్మదిగా..."

"నెమ్మదిగా నడవడానికి ఇదేమన్నా పెళ్ళి ఊరేగింపా?"

బుడే ఒకసారి ప్రేమదాసు వైపు చూశాడు. ప్రేమదాసు తల దించుకున్నాడు.

"మీ ఇష్టమండీ," అని బుడే వెనక్కి తిరిగాడు.

తర్వాత నాలుగు రోజులూ ఎండ ఎక్కకముందే కల్వర్టు చేరారు.

"చూశారా!" అన్నాడు జక్రయ్య గర్వంగా.

ఐదో రోజు దారిలో ప్రేమదాసు రోడ్డు వారన కూర్చున్నాడు. పక్కనే ఎవరో మిరపకాయలు ఆరబోశారు.

"మాస్టారూ, ఒక్క నిమిషం..."

"నువ్వూ నేర్చావా ఆ సాయిబు విద్య? లే, లే!"

ప్రేమదాసు లేచాడు. ముప్పై ఏళ్ళు ఆయన కింద పనిచేసినవాడు. లేవమంటే లేచాడు.

ఇరవై అడుగులు నడిచి పడిపోయాడు.

ఎదురొచ్చిన పత్తి బండిని ఆపి, బోరాలు దించి, ఆసుపత్రికి చేర్చారు. అప్పటికే ప్రాణం పోయింది.

సమాధి చేసిన మూడో రోజు జక్రయ్య ఆ ఇంటికి వెళ్ళాడు. ప్రార్థన అయిపోయి అందరూ వెళ్ళాక కూడా లేవలేకపోయాడు.

"గుండె జబ్బుందని నాతో ఒక్కమాట అనలేదమ్మా," అన్నాడు.

"ఎలా అంటాడండీ?" అంది ప్రేమదాసు భార్య కొండమ్మ. "ఇమ్మానియేలు గారిని మాన్పించారుగా. ఆ గంటసేపూ మీ అందరితో నడవడం ఈయనకి ప్రాణం. డాక్టరేమో నెమ్మదిగా నడువు, ఆయాసమొస్తే ఆగు అన్నాడు. అది మీతో చెప్పుకోలేక బుడే సాహెబు గారిని బతిమాలుకున్నాడు."

"ఆయన్నా? ఆయనే నడవలేడు గదమ్మా!"

కొండమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఈయనకి ఆయాసం వచ్చినప్పుడల్లా ఆయన కూలబడేవారండీ. మీరు తిట్టేది ఆయన్ని, ఊపిరి తీసుకునేది ఈయన."

"మరి కాళ్ళు లాగుతున్నాయనేవాడే!" అన్నాడు జక్రయ్య.

"ఈయన ఉద్యోగం కొత్తలో కనిగిరి అవతల పనిచేసినప్పుడు మా ఉత్తరాలు తెచ్చింది ఆయనే. బస్సుల్లేని ఆ పల్లెలకి తపాలా సంచీ భుజానేసుకుని, ముప్పై ఏళ్ళు, రోజుకి పదిహేను మైళ్ళు నడిచిన మనిషండీ ఆయన."