కొనేవాళ్ళు చూడకూడదు

గరాజ్ గుమ్మం దగ్గర అలికిడి కాగానే దివాకర్ చిత్రిక పక్కన పెట్టి, బల్లమీది చెక్కపై గబుక్కున దుప్పటి కప్పేశాడు.

"కస్టమర్?"

వచ్చిన పెద్దాయన తలుపుకు అంటించిన కాగితం చదువుకున్నాడు. తయారవుతున్న బోర్డును కొనేవాళ్ళు చూడకూడదని అందులో ఉంది.

"అబ్బే, కాదు బాబూ. మా అమ్మాయి బీచ్‌లో ఉంది. నాకు ఎండ పడదు. తెలుగు పాట వినపడితే ఇటొచ్చాను. కాసేపు కూర్చోవచ్చా?"

"దానికేం, రండంకుల్."

దివాకర్ దుప్పటి తీసి మళ్ళీ పనిలో పడ్డాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి అలలమీద జారే సర్ఫ్‌బోర్డులు చేత్తో చేసే మొనగాడు న్యూజెర్సీ తీరం మొత్తానికి తనొక్కడేనని అతని నమ్మకం. ఫోమ్ జోలికి, మెషీన్ జోలికి పోడు. తేలికపాటి చెక్క, చిత్రిక, నూనె, అంతే. హవాయిలో పూర్వం అలాగే చేసేవారని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

"కొనేవాడు చూస్తే ఏమవుతుంది?" అడిగాడు పెద్దాయన.

"ఇక్కడ కొంచెం తగ్గించు, అక్కడ కొంచెం పెంచు అంటారంకుల్. తగ్గించడం సరే. చెక్కని పెంచేదెట్లా?"

పెద్దాయన హాయిగా నవ్వాడు.

ఊరికే కూర్చునేవాళ్ళంటే దివాకర్‌కు గిట్టదు. ఆయన చేతిలో శాండ్‌పేపర్ పెట్టాడు.

"చెక్క చారల వెంట రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి."

ఆయన శ్రద్ధగా రుద్దాడు. మరుసటి ఆదివారం కూడా వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. పేరు అడగాలని దివాకర్‌కు తోచనేలేదు. అమెరికాలో తెలుగువాళ్ళ మధ్య, అంకుల్ అని పిలిచాక ఇంక పేరుతో పనేముంది?

"ఇంత పొట్టిగా ఉందేం బాబూ ఇది?"

"నిలబడేది కాదంకుల్. పొట్టమీద పడుకుని అలతో పాటు జారాలి. పిస్కాటవే నుంచి రష్మి అని ఒకావిడ ఆర్డర్ చేసింది, వాళ్ళ నాన్న కోసం. క్యాన్సరట ఆయనకి. ఒక్కసారి అలమీద తేలాలని కోరిక. డాక్టర్లు వచ్చే సమ్మర్ మాటే ఎత్తట్లేదట."

"మరి ఆయన్నైనా రానివ్వచ్చుగా?"

"రూల్ అంటే రూలే అంకుల్. ఫినిష్ అయ్యాక చూస్తే ఆ ఆనందమే వేరు."

పెద్దాయన రుద్దిన చోట బొటనవేలితో తడిమి చూసుకుని మళ్ళీ రుద్దాడు.

వేసవి చివరికొచ్చింది. వాడబోయేవాళ్ళ పేరు బోర్డుమీద కాల్చి రాయడం దివాకర్ పద్ధతి. కాల్చిన ఇనుప మొనతో తెలుగులో విశ్వనాథం అని రాసి, వెనక్కి జరిగి తన దస్తూరీకి తనే మురిసిపోయాడు.

"ఎలా ఉందంకుల్?"

పెద్దాయన వంగి చాలాసేపు చూశాడు.

"ఆయనకి నచ్చుతుంది. ఇవాళే ఇచ్చెయ్యి బాబూ. ఎదురుచూస్తుంటాడు."

"ఇంకో పూత నూనె పడాలి. తొందరపడితే చెక్క ఉప్పునీళ్ళు తాగేస్తుంది. అరకొర పని నా గరాజ్ దాటదంకుల్. వచ్చే ఆదివారం పక్కా."

"సరే. నీ పని నీకు తెలుసు" అంటూ పెద్దాయన బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు.

ఆదివారం నాటికి బోర్డు నిగనిగలాడుతోంది. ఇంత మంచి బోర్డు తన చేతుల్లోంచి ఇంతవరకు రాలేదు. అంకుల్‌కు చూపించాలని దివాకర్ గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు. ఆయన రాలేదు. రష్మి వచ్చింది, ఒక్కతే.

"నాన్నగారేరండీ? ఆయన చేతికే ఇద్దామనుకున్నాను."

"నాన్న గురువారం పోయారు."

దివాకర్ బోర్డు వంక చూశాడు. ఒక్క వారం. ఆ వారం ఆపింది తనే.

"సారీ అండీ" అన్నాడు. "నా రూల్ మండిపోను. ఆయనకి కనీసం ఒక్కసారి చూపించి ఉండాల్సింది."

రష్మి బోర్డు అంచును అరచేత్తో నిమిరింది.

"చూశారండీ. కొనేవాళ్ళని రానివ్వరని మీకు చెప్పలేదు గానీ, ప్రతి ఆదివారం మీ పక్కన కూర్చుని దీన్ని రుద్దింది మా నాన్నే."