వణుకు లేని గీత

"నీ గీత చూడమ్మా, గోదాట్లో నాటు పడవలా ఊగుతోంది. నాది చూడు, వణుకే లేదు! నిలకడ మనిషిలో ఉండాలి," అన్నారు ఖగోళ సంఘం అధ్యక్షులు మార్కండేయులు గారు, డాబా మీద తన లాప్‌టాప్‌ని, పక్క టెలిస్కోపు దగ్గరున్న సభ్యురాలు అశ్విని వైపు తిప్పి. ఆ నిలకడకే కాసేపట్లో ఆయనకు సన్మానం.

పెద్ద టెలిస్కోపుకి తగిలించిన చిన్నది ఒక నక్షత్రాన్ని పట్టుకుని, అది పక్కకు జరిగినప్పుడల్లా పెద్దదాన్ని సరిదిద్దాలి. ఆ జరుగుడే తెర మీద గీత.

అశ్విని వంగి ఆయన చిన్న టెలిస్కోపుని చూసింది.

"మాస్టారూ, దీనికి మూత తియ్యలేదండి."

"మరి తెర మీద చుక్క?"

"దీని వెనకున్న కెమెరాలో పాడైన చోటండి, చీకట్లో అలా మెరుస్తుంది. కదలమన్నా కదలదు."

ఆమె మూత తీసి అసలు నక్షత్రాన్ని పట్టించింది. గీత ఊగడం మొదలెట్టింది.

కింద కారు ఆగింది. శాలువాలతో పెద్దలు మెట్లెక్కుతున్నారు.

"ముందా మూత పెట్టెయ్యమ్మా!" అన్నారాయన కంగారుగా. "నక్షత్రాల సంగతి వాళ్ళు వెళ్ళాక చూద్దాం."