నల్లకోటకి తోడు

తెర మీద బొమ్మకి జుట్టు మారిన రోజే ఆమెకి విషయం అర్థమైంది.

ఆమె విగ్గులు కట్టే మనిషి. నాటకాల వాళ్లకీ, జబ్బు చేసి జుట్టు ఊడిన వాళ్లకీ సన్నని జాలీ మీద వెంట్రుక వెంట్రుకా ముడేస్తుంది. జుట్టు విషయంలో ఆమె కంటిని మోసం చేయడం ఎవరి తరమూ కాదు.

భర్త లిఫ్టులు బిగించే ఇంజనీరు. ఇంటికి రాగానే, కత్తులూ రాక్షసులూ ఉన్న ఆ ఆట ముందు కూర్చునేవాడు. అందులో అతని వీరుడి పేరు పిడుగు. పిడుగు వెంట ఎప్పుడూ ఒక విలుకత్తె నడుస్తుంది. ఆమెని ఆడించేది మనిషి కాదు, ఆటే. ముఖం, జుట్టు, నడక మాత్రం మనకి నచ్చినట్టు దిద్దుకోవచ్చు. పెళ్లయిన కొత్తలో అతను ఆ విలుకత్తెకి భార్య ముఖమే పెట్టాడు, చెవి పక్కన ముందే నెరిసిన పాయతో సహా.

ఒక సాయంత్రం ఆ పాయ లేదు. దాని చోట పొట్టి క్రాపు, వెడల్పాటి భుజాలు. అతను ఈతకి వెళ్లే చోట నేర్పే కోచ్ అచ్చం అలాగే ఉంటుంది.

"నా ముఖం ఏదీ?" అని అడిగింది.

"ఆట నాది. బొమ్మా నాదే. నా ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటా," అన్నాడు తల తిప్పకుండానే.

కొన్నాళ్లకి ఇంట్లోనూ అదే మార్పు చేశాడు. కంప్యూటర్ చంకన పెట్టుకుని కోచ్ ఇంటికి మకాం మార్చేశాడు.

విడాకులయ్యాక ఆమె అతని నంబరు తీసేసింది. అతని ఊసెత్తిన వాళ్ల ఇంటికి వెళ్లడం మానేసింది. కడుపుమంట మాత్రం చల్లారలేదు. ఆ మనిషి పెళ్లాన్ని ఎన్నడూ చూసుకోనంత అపురూపంగా పిడుగుని చూసుకున్నాడు. కొడితే అక్కడే కొట్టాలి.

తనూ ఆ ఆట నేర్చుకుంది. వంగిన నడుం, ఒంటికన్ను, బొడ్డు దాకా గడ్డంతో ఒక వేటగాణ్ణి తయారు చేసుకుంది. చెల్లెలు చూసి పగలబడి నవ్వింది.

"ఇదేం ఖర్మే అక్కా! చక్కగా రాజకుమారిలా ఉండొచ్చుగా."

"రాజకుమారైతే వలేస్తాడు. ముసలాడైతే నమ్ముతాడు."

ఆ లోకమంతా గాలించి పిడుగుని పట్టుకుంది. మాటలన్నీ టైపు చేసుకోవడమే కాబట్టి గొంతుతో పేచీ లేదు. పిడుగు రెండోరోజుకే "తాతా" అని పిలవడం మొదలుపెట్టాడు.

కానీ మనిషి చాలా మారాడు. ఒత్తయిన జుట్టు తీసేసి బోడిగుండు చేసుకున్నాడు. వెండి కవచం అమ్మేసి గోనెపట్టా కట్టుకున్నాడు. మునుపటి చురుకు లేదు, కళ్ల ముందున్న గోతిలోనే పడేవాడు. కొత్త కాపురం మత్తు ఇంకా దిగలేదనుకుని ఆమె పళ్లు నూరింది.

విలుకత్తె ముఖానికి ఇనప ముసుగు తొడిగాడు. రాక్షసుడు కనిపిస్తే చాలు, ముందు ఆమెనే ఒంటరిగా తోసేవాడు.

"పాపం, చచ్చిపోతుందిరా," అని రాసింది తాత.

"చావనీ తాతా. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది."

అప్పుడే కోచ్ కూడా మొహం మొత్తిందన్నమాట! ఆమె నవ్వుకుంది. మరుక్షణమే ఇంకా మండింది.

ఒకరోజు వంతెన మీద పిడుగు నీలిరాళ్ల కత్తిని ఏట్లోకి విసిరేశాడు. ఆ కత్తి గెలిచిన రోజు భార్యాభర్తలిద్దరూ కుర్చీల మీదెక్కి గంతులేశారు. దాన్ని ఏట్లో పారేసిన రోజంతా ఆమె చేతిలో ఒక్క ముడీ సరిగా పడలేదు.

"ఇక వదిలెయ్ అక్కా," అంది చెల్లెలు. "వాడి పాపాన వాడే పోతాడు."

"పోయేదాకా నేనాగలేను."

ఆ ఆటలో ఎక్కడ చచ్చినా మళ్లీ లేస్తారు, ఒక్క నల్లకోటలో తప్ప. అక్కడ కాలిపోయిన వీరుడికి పేరు కూడా మిగలదు. ఏళ్ల తరబడి ఆడిందంతా బూడిదే. పైగా ఒంటరిగా వెళ్తే ఆ కోట తలుపు తెరుచుకోదు. తలుపు మూసుకోకుండా రెండో మనిషి బయట నిలబడి గొలుసు పట్టుకోవాలి.

"నల్లకోటకి వెళ్దామా?" అని అడిగింది తాత.

"అక్కడ చస్తే నిజంగానే మళ్లీ లేవరా తాతా? ఖాయమేనా?"

భయపడుతున్నాడు, అనుకుంది. "నేనున్నాగా, గొలుసు వదలను," అని రాసింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కోట చేరారు. పిడుగు విలుకత్తెని వెంటబెట్టుకుని లోపలికి నడిచాడు. డ్రాగన్ కళ్లు తెరిచింది. ఆమె గొలుసు వదిలేసింది. తలుపు ధన్‌మని మూసుకుంది. కిటికీ చువ్వల్లోంచి మంట కనిపించింది. ముందు విలుకత్తె పోయింది. పిడుగు కత్తి దూయలేదు, పరుగెత్తలేదు. నిలబడి కాలిపోయాడు.

చెల్లెలు వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"నేను తాతని కాదు," అని ఆమె టైపు చేసింది. "నువ్వు వదిలేసిన పెళ్లాన్ని. ఇప్పుడు మార్చుకో, నీ ఇష్టమొచ్చినట్టు."

తెర మీద పేరు లేకుండా అక్షరాలు కదిలాయి.

"నేను ఆయన్ని కాదక్కా, ఈత కోచ్‌ని, విలుకత్తెకి మూడోదాని ముఖం పెట్టి, దాని కోసం నన్నూ, ఈ కంప్యూటర్‌నీ వదిలేసి పోయాడు, వీణ్ణి మళ్లీ లేవకుండా ఎలా చంపాలో తెలీకే ఇన్నాళ్లూ నీ వెంట తిరిగాను."