ఇంగెలిస్ నిమ్మ సోడా

ఆఫీసు ఫ్రిజ్ తలుపు తీసి ఇంగెలిస్ కెవ్వుమంది.

"మళ్ళీ తాగేశాడు!"

సిగరెట్లు మానేసినప్పటి నుంచి ఆమెకు మధ్యాహ్నం ఆ నిమ్మ సోడా ఒక్కటే దిక్కు. బయట డెన్మార్క్ చలి కొరికేస్తున్నా సరే, అది చల్లగా గొంతులో పడాల్సిందే. దాన్ని ఎవడో రోజూ ఖాళీ చేస్తున్నాడు. సీసా మీద తన పేరు రాసి చీటీ అంటించింది. మర్నాడు చీటీ ఉంది, సోడా లేదు.

ఆఫీసు పెద్ద ప్రెబెన్ ఆమెకంటే ఎక్కువ బాధపడ్డాడు. "ఛీ, మన మధ్య ఇలాంటి వాడా! వదలకు, ఇంగెలిస్."

ఆమె వదల్లేదు. కొత్త సీసా తెచ్చి పళ్ళు కొరుకుతూ గిలక్కొట్టింది. "మూత తీశాడా, మొహానికి అభిషేకమే!"

పక్క బల్ల టోర్బెన్ చేప పెట్టిన రొట్టె నములుతూ నవ్వాడు.

"దండగ. కుదిపితే గ్యాసు చిన్న చిన్న బుడగలై సోడాలో చిక్కుకుంటుంది. వెంటనే మూత తీస్తే, కరిగి ఉన్న గ్యాసంతా ఆ బుడగల్లో దూరి, సోడాను బయటికి తన్నేస్తుంది. కాసేపు ఊరుకున్నావా, బుడగలు పైకి తేలిపోతాయి. నీ దొంగ వచ్చేసరికి సోడా బుద్ధిగా కూర్చుని ఉంటుంది."

"అయితే వాడు తీసే ముందే కుదపాలి."

"వాడెప్పుడొస్తాడో తెలిస్తే వాణ్ణే పట్టుకోవచ్చుగా! అయినా మనవాళ్ళలో ఒక్కడికైనా దొంగను పట్టడం చేతనైతేగా!"

ఇంగెలిస్ ఫ్రిజ్ వంక చూసింది. అడుగున కూరగాయల సొరుగు ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుంది. ఊపి ఊపి గుంజితే గానీ రాదు. సీసాను అందులో, బయటికి కనిపించేలా పడుకోబెట్టింది.

"కుదిపే పని కూడా వాడిదే," అంది.

మధ్యాహ్నం వంటగదిలోంచి దడదడమని చప్పుడు. మరుక్షణమే భుస్సుమని మోత. వెంటనే ఓ కేక.

అందరూ పరుగెత్తారు. ప్రెబెన్! చేతిలో మూత. మీసాల్లోంచి సోడా కారుతోంది. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ప్రెబెన్, నువ్వా!"

"అది... పాడైందేమోనని చూస్తున్నా."

"రోజూ చూస్తూనే ఉన్నావుగా! పాడైందా మరి?"

టోర్బెన్ చప్పట్లు కొట్టాడు. ప్రెబెన్ గడియారం చూసి ఉలిక్కిపడ్డాడు.

"జరగండి, జరగండి! బయట విలేకరులు నాకోసం కూర్చున్నారు."

ఆ తడి చొక్కా మీదే కోటు తొడుక్కుని, టోపీ సర్దుకుని బయటికి వెళ్ళి, తమ పోలీస్ స్టేషన్ కళ్ళుగప్పి ఈ ఊళ్ళో ఏ దొంగా తప్పించుకోలేడని గంభీరంగా ప్రకటించాడు.