ఎర్రమట్టి దిబ్బల మీద మంచినీళ్లు

విశాఖ నుంచి తీరం వెంట వెళ్లి తిరిగొస్తున్న మా ఓడ భీమిలి దగ్గర ఆగింది. ఒడ్డున ఏం చూస్తారో ఎంచుకోమని గదిలోని తెర అడిగింది. ఎర్రమట్టి దిబ్బలు నొక్కాను. "మీ బొమ్మను పంపమంటారా?" అంది. అచ్చం మనిషిలా ఉండే ఆ యంత్రం ఒడ్డున నడుస్తుంటే మనం మంచం మీద పడుకుని దాని కళ్లతో అన్నీ చూడొచ్చు. ఓడలో అందరూ అంతే. నాలుగు రోజులుగా భోజనాల హాల్లో నేనొక్కదాన్నే తింటున్నాను.

ఇంత దూరం వచ్చింది పడుకోడానికా? "నేనే దిగుతాను" అన్నాను.

దిబ్బల మీద ముప్పై బొమ్మలు వరసగా నడిచాయి. చెప్పులు చేత్తో పట్టుకుని వాటి వెనక నేను. దారి చూపించే పైడమ్మ చంకలో మంచినీళ్ల బిందె ఉంది.

"బొమ్మలకి నీళ్లెందుకమ్మా?" అని అడిగాను.

ఆమె గిరుక్కున తిరిగి నా చెయ్యి పట్టుకుంది. అది చెమటతో తడిగా ఉంది.

"మనిషివేనేటమ్మా!" అంది. "ఒచ్చినోలికి నీల్లియ్యాల గదా అని రోజూ మోసుకొస్తన్నాను. తాగినోలొచ్చి రెండేల్లయిపోనాది."

నాకు దాహం లేదు. రెండు గ్లాసులు తాగి, మూడోది అడిగాను.