రెండో బటన్

"ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ చాలదా అమ్మా?" అన్నారు మా డైరెక్టర్ శేషగిరిగారు.

"చాలదు సార్. పోయినసారి లైవ్‌లో అది హ్యాంగై, తెర మీద మీరు నోరు తెరిచింది తెరిచినట్టే ఐదు నిమిషాలు ఉండిపోయారు. బటన్లున్న స్విచ్చర్ కొందాం. నొక్కగానే తెర మీద బొమ్మ మారుతుంది."

"అచ్ఛా," అని, అదే మాట రాసి నేను పెట్టిన కొనుగోలు నోట్ మీద సంతకం పెట్టారు.

కొత్త స్విచ్చర్‌తో మొదటి లైవ్ నా ప్రెజెంటేషనే. రాజధానికి ఆ చివర వైశాలి నుంచి ఈ చివర గురుగ్రామ్ దాకా రెండేళ్ళు బడుల చుట్టూ తిరిగి చేసిన తాగునీటి సర్వే. వేదిక ఎక్కబోతుంటే ఆయన ఆపారు.

"ఆ డబ్బా తెప్పించింది నువ్వే కదా, నువ్వే నడపాలి. స్లైడ్లదేముంది, నేను చదివేస్తాలే."

మా ఆఫీసులో ఆనవాయితీ అంతే. నోట్ రాసినవాళ్ళ మెడకే పని చుట్టుకుంటుంది.

చదివేశారు. చివర్లో లైవ్ చూస్తున్నవాళ్ళెవరో అడిగారు: "ఈ సర్వే ఎవరు చేశారు సార్?"

అప్పుడు తెర మీద స్లైడు ఉంది. ఒకటో బటన్ నొక్కితే ఆయన కనిపిస్తారు. రెండోది నొక్కితే హాలు, అందులో నేను. నా వేలు రెండో బటన్ మీదే ఉంది.

"నేనే," అన్నారాయన.

ఆ నెలలోనే నా పనితీరు మీద వార్షిక రిపోర్టు రాయవలసింది కూడా ఆయనే.

ఒకటి నొక్కాను. అరక్షణం కూడా ఆలస్యం కాకుండా ఆయన నవ్వు తెర నిండా వచ్చింది. నోట్‌లో నేను రాసింది అక్షరాలా నిజం.